ముప్పై రోజుల నిలుపుదల, అరవై రోజుల నివేదిక: విత్తన తనిఖీలపై బహిరంగ లేఖ

విశాఖపట్నం

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ సంచాలకులు గారికి,
విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల కలెక్టర్లకు,

అయ్యా,

నేను ఉమ్మడి విశాఖ జిల్లాలో మండల వ్యవసాయ అధికారిగా, ఆ హోదా వల్లనే విత్తన చట్టం కింద సీడ్ ఇన్‌స్పెక్టరుగా కూడా, చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ని. ఇప్పుడు పద్మనాభం మండలంలో మా నాన్నగారి నుంచి వచ్చిన రెండెకరాల పల్లంలో వరి వేయిస్తూ, ప్రతి జూన్‌లో విత్తనం కొనుక్కునే రైతుల వరుసలో నిలబడుతున్నాను. దుకాణం బల్లకు అటూ ఇటూ కూడా నిలబడి చూశాను కాబట్టి ఈ నాలుగు మాటలు రాయవచ్చుననుకున్నాను.

ఖరీఫ్ ముంగిట ఏటా ఒకే రకం వార్తలు వస్తాయి. అధికారులు దుకాణంలో ప్యాకెట్టు పట్టుకుని నిలబడిన ఫోటో, నకిలీ విత్తనాలను ఉపేక్షించేది లేదన్న ప్రకటన, ఆ వెంటనే తనిఖీ అధికారాలు పెంచాలనే డిమాండు. మూడోదాన్ని నేను ఒప్పుకోను. చట్టం ఇచ్చిన అధికారాలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. ఆ అధికారాలకు పెట్టిన గడువులు ఒకదానితో ఒకటి పొసగవు, పంట తిథులతో అసలే పొసగవు. నా ఫిర్యాదంతా దాని గురించే.

1966 నాటి విత్తన చట్టం 14వ సెక్షను చదివితే ఇన్‌స్పెక్టరు చేతిలో ఏముందో తెలుస్తుంది. అమ్మేవారి దగ్గర, రవాణా చేసేవారి దగ్గర, చివరికి కొన్న రైతు దగ్గర కూడా నమూనా తీయవచ్చు. నేరం జరిగిందనో జరుగుతోందనో నమ్మడానికి కారణం ఉంటే ఆ చోటికి వెళ్లి సోదా చేయవచ్చు. రిజిస్టర్లు, పత్రాలు పరిశీలించవచ్చు. అనుమానమున్న సరుకును 30 రోజులకు మించని గడువు వరకు అమ్మవద్దని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. లోపల ఉన్న యజమాని అడిగినా తలుపు తీయనంటే పగలగొట్టే అధికారం కూడా ఉంది (నా సర్వీసులో ఆ అవసరం ఒక్కసారీ రాలేదు గానీ, జీపు శబ్దం వినగానే షట్టరు దించి తాళం వేసుకుని వెళ్లిపోయినవారిని మాత్రం చాలామందిని చూశాను). ఈ చట్టం నోటిఫై చేసిన రకాలకే, అంటే ప్రభుత్వం అధికారికంగా ప్రకటించిన రకాలకే, గట్టిగా వర్తిస్తుంది. ఆ ఖాళీని పూడ్చడానికి నిత్యావసర సరుకుల చట్టం కింద 1983లో విత్తన నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. లైసెన్సు, ధరల పట్టిక, బిల్లు, సరుకు స్వాధీనం వంటివన్నీ దానిలో ఉన్నాయి.

నమూనా తీయడం చూడనివారికి అది చిన్న పనిలా కనబడుతుంది. బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి, పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి గింజ తీసి, కలిపి, మూడు సమాన భాగాలు చేయాలి. ముందుగా నోటీసు రాసి ఇవ్వాలి. వీలైనంత వరకు ఇద్దరు సాక్షుల్ని పిలిచి సంతకాలు తీసుకోవాలి. పక్కనున్న కిరాణా కొట్టాయనకు దుకాణదారుతో రోజూ పని ఉంటుంది గనుక సాక్షి సంతకం పెట్టమంటే ఆయన మెల్లగా లోపలికి జారుకుంటాడు. మూడు సంచులకూ దారం కట్టి, లక్క కరిగించి సీలు వేసి, ఒకటి దుకాణదారుకు ఇచ్చి, రెండోది ప్రయోగశాలలోని విత్తన విశ్లేషకుడికి పంపి, మూడోది కోర్టు అవసరం కోసం దాచాలి. అడిగితే ఆ గింజల వెల కూడా చెల్లించాలి. ఇదంతా సవ్యంగా చేస్తే ఒక్కో లాటుకు (ఒకే నంబరుతో వచ్చిన సరుకుకు) గంటకు తక్కువ పట్టదు. ఒక్క పూటలో ముప్పై దుకాణాలు తనిఖీ చేశామని చెప్పే నివేదికలను నేను ఎందుకు నమ్మనో మీకు అర్థమవుతుంది.

నా అనుభవంలోని ఒక సంగతి చెబుతాను. ఊరు, దుకాణం పేర్లు అనవసరం. జూన్ రెండో వారంలో ఒక దుకాణంలో 62 బస్తాల వరి విత్తనం మీద నాకు అనుమానం వచ్చింది. ట్యాగు మీద పరీక్ష తేదీ దిద్దినట్టుగా ఉంది, గింజ నలిపితే ముక్క వాసన వచ్చింది. నమూనా తీసి, అమ్మకం నిలుపుదల ఉత్తర్వు ఇచ్చాను. వరి మొలక పరీక్షకు ప్రయోగశాలలో 400 గింజలు పెట్టి 14వ రోజున చివరి లెక్క తీస్తారు, కాబట్టి ప్రయాణం, వరుస అన్నీ కలిపినా నెలలోపు నివేదిక వస్తుందని నా ధీమా. రాలేదు. ముప్పై ఒకటో రోజు ఉదయం దుకాణదారు ఎంతో మర్యాదగా ఆఫీసుకు వచ్చి, "సార్, గడువు అయిపోయింది గదా, ఊడ్పులకు ఆలస్యమైన రైతులు అడుగుతున్నారు" అని ఉత్తర్వు కాపీ బల్ల మీద పెట్టాడు. చట్టప్రకారం ఆయన చెప్పింది నిజం. నివేదిక 47వ రోజున వచ్చింది. మొలక 61 శాతం. వరికి ఉండవలసిన కనీస మొలక 80 శాతం. అప్పటికి ఆ 62 బస్తాల్లో దుకాణంలో మిగిలినవి ఐదు.

ఇక్కడ ప్రయోగశాలను తప్పుపట్టడానికి కూడా లేదు. విత్తన చట్టం విశ్లేషకుణ్ని వీలైనంత త్వరగా నివేదిక ఇమ్మంటుందే తప్ప రోజులు చెప్పదు. 1983 నాటి నియంత్రణ ఉత్తర్వు 60 రోజుల గడువు ఇస్తుంది. అంటే సరుకును ఆపగలిగేది 30 రోజులు, సరుకు ఎలాంటిదో చెప్పడానికి ఉన్న వెసులుబాటు 60 రోజులు. ఈ రెంటి మధ్యనున్న 30 రోజుల్లోనే మా ప్రాంతంలో ఆకుమళ్లు పోయడం, ఊడ్పులు మొదలవడం జరిగిపోతాయి. నిలుపుదల బదులు నియంత్రణ ఉత్తర్వు కింద స్వాధీనమే చేసుకోవచ్చు కదా అని మా పై అధికారి ఒకరు అప్పట్లో నన్ను మందలించారు. చేసుకోవచ్చు. కానీ స్వాధీనమంటే వ్యవహారం నిత్యావసర సరుకుల చట్టం 6ఎ సెక్షను కింద కలెక్టరు గారి ముందుకు వెళుతుంది. రేపు నివేదిక బాగుందని వస్తే, సీజను దాటిపోయి ధాన్యం ధరకు పడిపోయిన సరుకుకు జవాబు చెప్పవలసింది సంతకం పెట్టిన మండల అధికారి. నివేదిక చేతికి రాకుండా ఆ సంతకం పెట్టే ధైర్యం నాకు లేకపోయింది, చాలామందికి ఉండదు.

ఆ కేసు అక్కడితో ఆగలేదు. ప్రాసిక్యూషను వేశాం. విత్తన చట్టం 16వ సెక్షను ప్రకారం ముద్దాయి రుసుము కట్టి, దాచి ఉంచిన నమూనాను కేంద్ర విత్తన ప్రయోగశాలకు పంపమని కోర్టును కోరవచ్చు. ఇప్పుడు అది వారణాసిలో ఉంది. అక్కడి నివేదిక వస్తే మొదటి విశ్లేషకుడి నివేదిక పక్కకు తప్పుకుంటుంది. మా కేసులో దుకాణదారు అలాగే కోరాడు. మూడో సంచి ఎక్కడుంది? మా ఆఫీసులో పాత ఫైళ్ల బీరువాలో అడుగు అరలో. సముద్రపు గాలికి ఇనప బీరువాలే తుప్పు పట్టే ఊళ్లో, రెండు వానకాలాలు దాటి, గుడ్డ సంచిలో ఉన్న వరి గింజ. వచ్చిన మొలక శాతం మొదటిదాని కంటే చాలా తక్కువ. దుకాణదారు తరఫు వకీలు లేచి, "ఇది నా క్లయింటు విత్తనం మొలక శాతమా, మీ బీరువా మొలక శాతమా?" అని అడిగాడు. కోర్టులో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. గింజ ప్రాణమున్న వస్తువు, రోజురోజుకూ మారుతుంది. చక్కెరనో సిమెంటునో దాచినట్టు దాన్ని దాచి ఏళ్ల తరువాత పరీక్షిస్తే దుకాణదారుకైనా అన్యాయం జరుగుతుంది, రైతుకైనా జరుగుతుంది. తేమ చొరని సంచి, చల్లని గది, పెట్టిన తేదీ, తీసిన తేదీ నమోదు చేసే పుస్తకం ఉంటే సరిపోయే ఈ పనికి శాఖ ఇంతవరకు తగినంత శ్రద్ధ పెట్టలేదని నా అభిప్రాయం.

ఇక రైతుగా నాకు ఎదురైనది. మూడేళ్ల కిందట స్వర్ణ రకం విత్తనం కొన్నాను. మారుటేరు పరిశోధనా స్థానం 1982లో విడుదల చేసిన ఆ రకం 150 రోజుల పంట. సెప్టెంబరులో పొలం గట్టు మీద నిలబడి చూస్తే, చేను పొట్టకు కూడా రాకముందే అక్కడక్కడా వెన్నులు బయటికి వచ్చి ఉన్నాయి. ఒక చదరపు మీటరులో 33 దుబ్బులుంటే ఆరు దుబ్బులు అలా ముందే ఈనాయి. చూడబోతే 120 రోజుల రకమేదో కలిసినట్టుంది. మొలక శాతం బ్రహ్మాండం, ఒక్క గింజా పోలేదు. లోపమల్లా జన్యు స్వచ్ఛతలో. కేళీలు (కలిసిన వేరే రకం మొక్కలు) ఏరుదామంటే ప్రతి ఐదారు దుబ్బులకు ఒకటి పీకాలి, అప్పుడు చేనంతా చిల్లులే. ముందు పండిన వెన్నులు పిట్టల పాలయ్యాయి, మిగిలింది కోతకు ముందే రాలిపోయింది.

నాకు నియమాలు తెలుసు గనుక ఫిర్యాదు రాశాను. 1968 నాటి విత్తన నియమాల్లో 23ఎ అనే నియమం ఉంది. విత్తన లోపం వల్ల పంట పోయిందని రైతు రాసి ఇస్తే, ఇన్‌స్పెక్టరు ఆ సంచి, లేబులు, మిగిలిన విత్తనం ఉంటే అది స్వాధీనం చేసుకుని, ఆ లాటు నమూనాలు విశ్లేషణకు పంపి, కారణాలు విచారించి, నివేదిక ఇవ్వాలి. రైతు వైపు నిలబడి రాసిన బహుశా ఏకైక నియమం ఇదే. నా ఫిర్యాదుకు మొదట వచ్చిన జవాబు, దుకాణం వేరే జిల్లాలో ఉంది కనుక అక్కడే ఇచ్చుకోమని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇది మా దగ్గర మామూలైపోయింది. పొలం విశాఖపట్నం జిల్లాలో, దుకాణం అనకాపల్లిలో, విత్తనం శుద్ధి చేసిన ప్లాంటు గోదావరి జిల్లాల్లో ఎక్కడో. అక్కడికి వెళితే పొలం మీ మండలంలోనిది కాబట్టి మీ ఏవోతో (వ్యవసాయ అధికారితో) రాయించుకు రమ్మన్నారు. చివరికి ఒక అధికారి వచ్చే నాటికి కోత అయిపోయింది. వచ్చినాయన మంచివాడే, పాపం ఆయనకు ఇ-క్రాప్ నమోదు, ఎరువుల పంపిణీ, సమావేశాలు. "సంచి ఉందా సార్?" అని అడిగాడు. ఉంది. మా పాలేరు దాన్ని రెండుగా కోసి గొడ్లసావిట్లో దూడ కింద పరిచాడు. ట్యాగు కుట్టిన అంచు దూడ ఎప్పుడో నమిలేసింది.

ముప్పై ఏళ్లు ఇతరులకు ట్యాగు దాచమని చెప్పిన నా గతే ఇది అయితే, మిగతావారి సంగతి వేరే చెప్పాలా? సుప్రీంకోర్టు 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో రైతు కూడా వినియోగదారుడేననీ, విత్తన చట్టం ఉన్నంత మాత్రాన అతను వినియోగదారుల ఫోరానికి వెళ్లకూడదనడం కుదరదనీ తేల్చింది. కొన్న విత్తనమంతా నాటేసుకునే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించడం సబబు కాదన్న సంగతి కూడా ఆ తీర్పులో ఉంది. ఆ కేసు పుట్టింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల నుంచే. అమ్మిన ప్రతి లాటు వివరాలు మూడేళ్లపాటు ఉంచాలని, ఆ లాటు పూర్తిగా అమ్ముడైన ఏడాది వరకు నమూనా పారేయకూడదని విత్తన నియమాలు వ్యాపారికి చెబుతున్నాయి. కాబట్టి రైతు దగ్గర గింజ లేకపోతే విచారణ ఆగిపోనవసరం లేదు, నమూనా ఉండవలసిన చోటికి వెళ్లి అడగాలి. నా సర్వీసులో ఆ నమూనా చూపించమని ఒక్క కంపెనీనీ అడగలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

దుకాణదారుల వైపు కూడా ఒక మాట చెప్పకపోతే ఈ లేఖ ఏకపక్షమవుతుంది. సీలు వేసిన ప్యాకెట్టు తెచ్చి, సీలు తీయకుండానే అమ్మే చిన్న వ్యాపారికి లోపలి గింజ ఏ రకమో తెలిసే వీలు లేదు. అతని బాధ్యత నిల్వ విషయంలో, బిల్లు విషయంలో ఉంటుంది. మే నెలలో రేకుల షెడ్డులో బస్తాలు పేర్చితే మొలక పడిపోవడం అతని తప్పే. కానీ రకాల కలగలుపు పొలంలోనో, నూర్పిడి కళ్ళంలోనో, శుద్ధి ప్లాంటులోనో జరుగుతుంది. అయినా మన నమూనాల్లో అధికభాగం చిల్లర దుకాణాల నుంచే తీస్తున్నాం, ఎందుకంటే అవి రోడ్డు పక్కన ఉంటాయి. ఒకే సీజనులో వ్యవసాయ శాఖ, విజిలెన్సు, పోలీసులు విడివిడిగా వచ్చి అవే రిజిస్టర్లు అడుగుతారు. ఒకరు స్టాకు రిజిస్టరు పట్టుకుపోతే, వారం తరువాత వచ్చినవారు రిజిస్టరు లేదని కేసు రాసిన సందర్భం నాకు తెలుసు. ఇలాంటి చోట మామూళ్లు ఎలా పుడతాయో నేను చెప్పనక్కరలేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చిన 2024 జులై 1 నుంచి సోదాలను ఆడియో, వీడియోల్లో రికార్డు చేయాలని 105వ సెక్షను చెబుతోంది. విత్తన సోదాల్లో అది కచ్చితంగా పాటిస్తే వ్యాపారికీ రక్షణ, నిజాయితీ ఉన్న అధికారికీ రక్షణ.

కఠినత్వం పేరుతో దగ్గరి దారులు వెతకడం ఎంత వృథాయో పొరుగు రాష్ట్రం చూపించింది. తెలంగాణలో నాసిరకం మిరప విత్తనం అమ్మిన వ్యాపారిని గూండా అని ముందస్తు నిర్బంధంలోకి తీసుకుంటే, 2017లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మామూలు చట్టప్రకారం వెళితే ఆలస్యమవుతుందన్నది నిర్బంధానికి కారణం కాజాలదని చెప్పింది. అక్కడా అసలు సమస్య ఆలస్యమే.

మన్యం సంతల గురించి ప్రత్యేకంగా విన్నవిస్తున్నాను. పాడేరు, అరకు, చింతపల్లి సంతల్లో గిరిజన మహిళలు చోళ్లు, సామలు, వలిసెలు, రాజ్‌మా గింజలు గంపల్లో పోసి తవ్వతోనో సోలతోనో కొలిచి ఇస్తారు. వాటిలో కొన్ని తినడానికి, కొన్ని విత్తడానికి పోతాయి. విత్తన చట్టం 24వ సెక్షను సొంత పంటను తన ఆవరణలోనే నేరుగా అమ్ముకునే రైతుకు మినహాయింపు ఇస్తుంది. సంత ఆమె ఆవరణ కాదు కదా అని ఉత్సాహవంతుడైన అధికారి ఎవరైనా వాదించవచ్చు. అయితే ఆ గింజల్లో చాలావరకు నోటిఫై అయిన రకాలు కావు. పైగా 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షను, బ్రాండు పేరు పెట్టనంత వరకు, విత్తనాన్ని దాచుకునే, మార్చుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు రైతుకు ఇచ్చింది. ఆ సంతల జోలికి తనిఖీ బృందాలు వెళ్లకూడదని, వెళితే అక్కడ బ్రాండు ప్యాకెట్లు అమ్మే తాత్కాలిక దుకాణాలనే చూడాలని స్పష్టమైన సూచన ఇవ్వండి.

శిక్షల సంగతి ఎక్కువ చెప్పను. మొదటి నేరానికి 500 రూపాయల వరకు జరిమానా అని 1966లో రాసినది ఈ కేసులన్నిటినీ వెక్కిరిస్తూనే ఉంది. ఇవాళ హైబ్రిడ్ మొక్కజొన్న ప్యాకెట్టు ఒక్కటి కొనాలన్నా ఆ డబ్బు చాలదు. 2025 నవంబరులో కేంద్రం అభిప్రాయాల కోసం బయటపెట్టిన ముసాయిదా విత్తన బిల్లు జరిమానాను లక్షల్లోకి తీసుకెళ్లింది, సంచుల మీద క్యూఆర్ కోడు అడిగింది. మంచిదే. కానీ నివేదిక 47వ రోజునే వస్తే 500 అయినా లక్షలైనా ఆ 57 బస్తాలు వెనక్కి రావు.

కొత్త చట్టం కోసం చూడకుండా ఈ ఖరీఫ్‌కే మీ సంతకంతో జరగగల పనులు కొన్ని ఉన్నాయి. నమూనాల్లో సగానికి పైగా ఏప్రిల్, మే నెలల్లో, సరుకు దుకాణాలకు చేరకముందే, శుద్ధి ప్లాంట్లలోనూ టోకు గోదాముల్లోనూ తీయించండి. నిలుపుదల ఉత్తర్వు ఉన్న లాటు నమూనా సంచి మీద ఆ గడువు తేదీని ఎర్ర సిరాతో రాయించి, ప్రయోగశాలలో దానికి వరుస లేకుండా 25 రోజుల్లోపు మొలక నివేదిక ఇప్పించండి. 14 రోజుల పరీక్షకు అది ధారాళంగా సరిపోతుంది. పొలం ఏ మండలంలో ఉంటే అక్కడి అధికారే 23ఎ కింద ఫిర్యాదు తీసుకుని, తేదీ వేసిన రసీదు అక్కడికక్కడే ఇవ్వాలని, దుకాణం ఉన్న మండలంతో ఉత్తర ప్రత్యుత్తరాలు ఆయనే నడపాలని ఆదేశించండి. రకాల కలగలుపు కంటికి కనబడేది ఈనిక నుంచి కోత దాకా ఉన్న నెల రోజులే గనుక, వారంలోపు పొలం చూడాలి, ఫోటోలు తీయాలి, దుబ్బులు లెక్కపెట్టాలి. ఆ నివేదిక ప్రతి రైతుకు ఇవ్వాలి. దుకాణంలో రిజిస్టరు తీసుకెళ్లక తప్పకపోతే దాని నకలు అక్కడ ఉంచి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీసుకెళ్లారో రాసి ఇవ్వాలి.

చివరగా ఒక సమాచారం కోరుతున్నాను. గత మూడు ఖరీఫ్ సీజన్లలో ఈ మూడు జిల్లాల్లో ఎన్ని లాట్లపై అమ్మకం నిలుపుదల ఉత్తర్వులు ఇచ్చారు, వాటిలో ఎన్నింటికి 30 రోజుల గడువు ముగిసేలోపు ప్రయోగశాల నివేదిక వచ్చింది? ఉత్తర్వు తేదీ, నివేదిక తేదీ రెండూ మండల కార్యాలయాల నమూనా రిజిస్టర్లలో పక్కపక్క గడుల్లోనే ఉంటాయి, నేనే ఏళ్ల తరబడి నింపాను. ఆ రెండు గడులను పోల్చి, వచ్చిన అంకెను జూన్ మొదటి వారంలోపు ప్రకటించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత మండల వ్యవసాయ అధికారి, వరి రైతు
విశాఖపట్నం